ఆపిల్ తోటలో దొరకని మాట

"మెల్లగా మాట్లాడు బంగారూ! చెట్టు కింద అరిస్తే కాయలు బెదిరి రాలిపోతాయి," అంది కెజయా.

రోలండ్ గొంతు తగ్గించాడు. ఇంగ్లండులోని సోమర్సెట్ పల్లెల్లో మాండలికాలు సేకరించి రమ్మని యూనివర్సిటీ పంపిన మనిషి అతను. వారం రోజులుగా ఒకే ఒక్క మాట కోసం ఊరూరా సైకిలు తొక్కుతున్నాడు. ఆ మాట అతనికి తెలియక కాదు. తను పలకకుండా, తిప్పి తిప్పి అడిగి, ఊరివాళ్ల నోటే చెప్పించాలని ప్రొఫెసర్ గారి ఆజ్ఞ. ఆయన చండశాసనుడు. ఈ సాయంత్రానికి మాట రాకపోతే ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే.

అందుకే, ముక్కాలిపీట ఎక్కి దర్జాగా ఆపిల్ పళ్లు కోస్తున్న డెబ్బై ఏళ్ల కెజయాని చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"కోతలయ్యాక కొమ్మల చివర ముడతలు పడ్డ కాయలు మిగులుతాయి చూడండీ, వాటినేమంటారు?"

"స్క్రంప్స్. మా అమ్మమ్మ అలాగే అనేది. రైతు వదిలేస్తే పిల్లలు ఏరుకునేవాళ్లం. ఆ బుట్ట ఇటు పట్టు."

రోలండ్ బుట్ట పట్టాడు. కాయ పేరు దొరికింది, మాట పుట్టుక తెలిసింది. ఇక మిగిలింది పని పేరు.

"మరి వాటికోసం పరాయి తోటలో దూరితే?"

"బట్టలు చిరుగుతాయి."

"అది కాదండీ! ఎవరూ చూడకుండా దూరి, ఎర్రగా పండినవి కోసుకుపోతే?"

"సిగ్గులేనితనం అంటారు. ఆ పై కొమ్మ వంచు, అంది చావడం లేదు."

వంచాడు. ఆవిడ చకచకా ఆరు కోసింది.

"చిన్నప్పుడు మీరెప్పుడైనా..."

"నన్ను చూస్తే అలా కనిపిస్తున్నానా?"

రోలండ్ చెంపలేసుకున్నంత పని చేశాడు. చదువుకున్నవాడి తిప్పలు చదువుకున్నవాడివి. చివరికి సిగ్గు విడిచి బతిమాలాడు. "ఒక్క మాటమ్మా! నా బతుకు దాని మీదే ఉంది."

అతని మొహం చూసి ఆవిడకు నిజంగానే జాలేసింది. ఏదో చెప్పబోయింది. అంతలో దూరంగా కుక్క మొరిగింది. కెజయా గబుక్కున పీట దిగి, దాన్ని చంకన పెట్టుకుని, కంచె సందులోంచి అవతలికి దూరింది.

"బుట్ట అందించు, త్వరగా!"

అందించాడు. "అమ్మా, మరి ఆ మాట?"

కంచె అవతలి నుంచి నవ్వు వినిపించింది.

"రాసుకో బంగారూ, మనమిద్దరం ఇప్పటిదాకా చేసినదాన్నే స్క్రంపింగ్ అంటారు."