అద్దం దించే ముందు

“భయమెందుకు తూబా? నిక్షేపంగా వెళ్ళు. షికాగోలో మూడేళ్ళుండి వచ్చాను, నాకేమైంది?” అంటూ అక్షర ఎడారి ఊరు అల్ వుకైర్‌లోని టీ దుకాణం ముందు కారు ఆపి హారన్ కొట్టింది. ఇక్కడ టీ కోసం ఎవరూ కారు దిగరు. టీయే కారు దగ్గరికి వస్తుంది.

తూబా నర్సు. షికాగో ఆసుపత్రి వాళ్ళు ఇస్తామన్న ఉద్యోగానికి ఈ సాయంత్రంలోగా ఆమె జవాబు చెప్పాలి.

“మా ఆయన షోయబ్‌కైతే మస్తు హుషారు. నాకే నిద్ర పడ్తలేదక్కా. పిల్లను పట్టుకొని ఆ తుపాకుల ఊర్ల ఉండొచ్చునా?”

“లక్షలమంది ఉండటం లేదూ? ఇల్లు మాత్రం రైలు స్టేషనుకు దగ్గరగా చూసుకో. చలికోటు ఇక్కడ కొనకు, అక్కడి గాలికి అది...”

ఎవరో అద్దం మీద తట్టారు.

అక్షర చటుక్కున మీట నొక్కింది. తలుపులన్నిటికీ ఒక్కసారిగా లాక్ పడింది. ఆమె తల వంచి, రెండు చేతులూ స్టీరింగు మీద ఆనించి, కదలకుండా కూర్చుంది.

“చాయ్ తెచ్చిండు, అక్కా,” అంది తూబా మెల్లగా.

బయట దుకాణం మనిషి రెండు కప్పులతో నిలబడి ఉన్నాడు.

“అక్కడ నీకేమైందో నిజం చెప్పు, అక్కా.”

“ఏమీ కాలేదు, ఒట్టు. ఏదో ఒకటి అవుతుందని మూడేళ్ళూ కాచుకుని కూర్చున్నాను.”

“మరి నేనేం జవాబియ్యాలె?”

“నన్నడగకు. ఆ ఊరిని నేను సరిగ్గా చూడనే లేదు.”

తూబా తన వైపు అద్దం దించి కప్పులు అందుకుంది. ఆమెకు భయం తగ్గలేదు. అయినా ఫోను తీసి, వస్తున్నానని ఆసుపత్రికి రాసింది.