మచ్చ ఏమైంది?

“పెరిగిపోనాదా డాక్టరమ్మా? కోసీయాలా?” కుర్చీ అంచున కూర్చుని అడిగాడు కూర్మయ్య.

డాక్టర్ సుహాసిని మూడు నెలల కిందటి సీటీ స్కాన్ ఫిల్మునీ, ఇవాళ్టి ఫిల్మునీ లైటు మీద పక్కపక్కన పెట్టి మార్చి మార్చి చూస్తోంది. అప్పట్లో ఊపిరితిత్తిలో బఠాణీ గింజంత మచ్చ కనిపించింది. అది ఎంత వేగంగా పెరుగుతోందో కొలుస్తాననీ, జోరుగా పెరిగితే ఆపరేషన్ తప్పదనీ ఆమె ముందే చెప్పింది. ఆ రోజు నుంచి కూర్మయ్య చేపల వేట మానేసి మంచం ఎక్కాడు.

“గాబరా పడకు బావా,” వెనక నిలబడ్డ బావమరిది గోవింద్ నవ్వాడు. “మూడు నెల్ల నుంచి నీ వల నాను లాగతన్నాను, సందువా సేపల పులుసు నువ్వు తింతన్నావు. మచ్చ కాదు, నీ బొజ్జ పెరిగుంటాది.”

“నీకేటిరా, నవ్వుతావు. కోస్తే నన్ను కోస్తారు గానీ నిన్ను కోస్తారా?” కూర్మయ్యకి నిజంగానే ఏడుపొచ్చింది.

“మచ్చ లేదు,” అంది డాక్టరు.

“నేదా?”

“పెరగడమూ కాదు, తరగడమూ కాదు. అసలు లేనే లేదు.”

కూర్మయ్య లేచి గోవింద్‌ని వాటేసుకున్నాడు. “ఒరే, మీ అప్పకి ఫోను సెయ్! ఆపరేసన్ నేదని సెప్పు!” అని కళింగపట్నంలో ఇంట్లో ఉన్న పెళ్లాం దాకా వినిపించేలా కేక పెట్టాడు. శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉన్నామన్న సంగతే ఇద్దరికీ గుర్తు లేదు.

“ముందు కూర్చోండి,” డాక్టరు గొంతు పెంచింది. “చిన్న మచ్చలు ఒక్కోసారి వాటంతటవే పోతాయి. సరే, నమ్ముతాను. కానీ పాత ఫిల్ములో పక్కటెముక విరిగి అతుక్కున్న గుర్తుంది. కొత్తదాంట్లో అదీ లేదు. ఎముక మీది గుర్తు ఎక్కడికి పోతుందండీ? మీరెప్పుడు కిందపడ్డారు?”

కూర్మయ్య కళ్లు తుడుచుకుని హాయిగా నవ్వాడు.

“నానెప్పుడూ పడనేదు తల్లీ. పడవ మీంచి పడి ఎముక ఇరగ్గొట్టుకున్నోడు ఈడు. ఈ పాలి దైర్నం సేసి నానే ఎల్లినాను గానీ, ఆ పాలి మిసను సూసి బయమేసి, నా బదులు ఈడిని తొంగోబెట్టినాను. రేసనుకి ఇంట్లో ఎవులెల్లినా ఇచ్చేత్తారు కదా! ఆస్పత్రి కార్డు మాత్రం నాదే.”