ఎనిమిది సెకన్ల మౌనం

పద్నాలుగు సెకన్లు మాట్లాడుతుంది. ఎనిమిది సెకన్లు మూగబోతుంది. మళ్ళీ పద్నాలుగు సెకన్లు మాట్లాడుతుంది.

వారం రోజులుగా ఇదే వరస. ఆకాశంలో ఎప్పుడూ ఒకేచోట నిలిచి ఉండాల్సిన ఉపగ్రహం అది. దాన్ని తయారుచేసిన ఇంజనీరు వదిన. దానితో రేడియోలో మాట్లాడే ఉద్యోగం ఆడపడుచుది. ఆరేళ్ళుగా ఇద్దరూ కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. అలాంటిది ఉన్నట్టుండి బొంగరంలా తిరగడం మొదలుపెడితే ఎవరికి మాత్రం ముద్ద దిగుతుంది?

అది తిరుగుతుంటే దాని యాంటెన్నా కాసేపు భూమివైపు, కాసేపు అటువైపు. అందుకే ఈ మాటా, ఈ మౌనమూ. ఆ సంగతి కనిపెట్టింది ఆడపడుచే.

పొద్దున్నే పై అధికారి ఫోన్‌లో తెగేసి చెప్పాడు. "నాలుగింటిలోపు పది నిమిషాలు తెగకుండా మాట్లాడించండి. లేదంటే దాన్ని వదిలేస్తున్నాం."

ఇప్పుడు మూడుంపావు. కిటికీల్లేని ఆ గదిలో ఇద్దరికీ చెమటలు పడుతున్నాయి.

"ఒక్కటే నా అనుమానం," అంది వదిన. "ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పాల్సిన గైరో సున్నా అంటోంది. అసలు తిరగడమే లేదంటోంది చూడు."

"గైరో పాడైంది వదినా! నా చెవులకి ఇంత స్పష్టంగా వినిపిస్తుంటే ఆ సున్నా పట్టుకుని వేలాడతావేంటి?"

"వేలాడక ఏం చెయ్యను తల్లీ? దాంట్లో మిగిలింది గుక్కెడు ఇంధనం. ఎదురు దిశలో ఒక్క తోపు తోస్తే ఖాళీ. లెక్క తప్పిందా, ఇక దాని మీద ఆశ వదులుకోవడమే."

"నన్ను నమ్ము."

వదిన నమ్మింది. నమ్మదూ మరి! ఇంట్లో పక్కనే నిలబడి పిలిచినా ఈవిడకి వినపడదు గానీ, ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల అవతల ఉపగ్రహం కీచుమంటే మాత్రం ఇట్టే పట్టేస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. ఆ తోపు ఆదేశం పూర్తిగా పంపడానికి పంతొమ్మిది సెకన్లు పడుతుంది. దొరికే సందు పద్నాలుగు. మధ్యలో తెగితే ఉపగ్రహం మొత్తం పారేస్తుంది. మూడుసార్లు పంపారు. మూడుసార్లూ పారేసింది.

మూడున్నర.

"రెండు ముక్కలు చేస్తా," అంది ఆడపడుచు. "ఒకటి ఈ సందులో, ఇంకోటి వచ్చే సందులో. అర నిమిషం దాకా మొదటి ముక్క గుర్తుంచుకుంటుందిగా?"

"అర నిమిషమే. ఒక్క సెకను అటూ ఇటూ అయినా..."

"అబ్బా, అపశకునం మాటలు ఆపు!"

హెడ్‌ఫోన్ చెవులకి అదిమి పట్టుకుంది. మౌనం. ఆరు, ఏడు, ఎనిమిది. గొంతు వచ్చింది. మొదటి ముక్క నొక్కింది. వెళ్ళింది. మళ్ళీ మౌనం. వదిన ఆడపడుచు భుజం ఎంత గట్టిగా పట్టుకుందో తనకే తెలియదు. ఆరు, ఏడు, ఎనిమిది. రెండో ముక్క.

తెర మీద జవాబు మెరిసింది. ఆదేశం అందింది. తోపు పూర్తయింది. ఇంధనం లేదు.

"హమ్మయ్య! నీ చెవులకి బంగారు కమ్మలు చేయిస్తానే!" వదిన ఏడుపూ నవ్వూ కలిపేసింది.

పది. పన్నెండు. పద్నాలుగు.

గొంతు ఆగిపోయింది.

ఎనిమిది సెకన్ల తరవాత వచ్చింది. పద్నాలుగు సెకన్లకి మళ్ళీ ఆగింది. పైగా ఇప్పుడు ఆ పద్నాలుగు సెకన్లలో కూడా గొంతు నీరసించిపోతోంది.

"అదేంటి? గైరో కదిలింది!" అంది వదిన. "ఇన్నాళ్ళూ సున్నా అన్నది ఇప్పుడు గబగబా అంకెలు చూపిస్తోంది."

"పోన్లే, గైరో అయినా బాగుపడింది," అంది ఆడపడుచు. "మరి తిరగడం ఎందుకు ఆగలేదు వదినా? తప్పు నాదేనా?"

"నీదెందుకవుతుంది? పైన మన డిష్ దగ్గర తీగ ఏదైనా వదులైందేమో, ఓసారి చూసిరా. ఇంకా పదిహేను నిమిషాలుంది."

డిష్ ఎప్పుడూ ఒకవైపే చూస్తుంది కాబట్టి నెల రోజులుగా ఎవరూ పైకి వెళ్ళింది లేదు. ఆడపడుచు నాలుగంతస్తులూ పరుగున ఎక్కి, రొప్పుతూ డాబా తలుపు తోసింది. తీగలన్నీ బిగుతుగానే ఉన్నాయి. డిష్ చూస్తున్న వైపే తనూ తలెత్తి చూసింది.

రోడ్డుకి అటువైపు, వారం క్రితం తెరిచిన దుకాణం మేడ మీద, ఇల్లంత ఇనప ప్రకటన బోర్డు ఒకటి తాపీగా తిరుగుతూ వచ్చి, సరిగ్గా ఎనిమిది సెకన్లు వాళ్ళ డిష్‌కి అడ్డంగా ఉండి, పక్కకి తప్పుకుంది.