చవక ఎరుపు

కోవెంట్రీలో రైలు వంతెన కింద లెన్ టిబెట్స్ షెడ్డు. కార్లకి రంగులేస్తాడు. ఊళ్ళోని కార్ల ఫ్యాక్టరీ మూతపడేదాకా అందులోనే రంగు పీల్చిన మనిషి.

ఆ ఫ్యాక్టరీని ముక్కలుగా అమ్ముకు తిన్న దొర కొడుకు క్లైవ్ హార్‌గ్రీవ్ ఓ సోమవారం అక్కడికి దిగాడు. తండ్రి వదిలిపోయిన ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు తెచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయింది. శనివారం వేలంలో పెట్టి, వచ్చింది జేబులో వేసుకోవాలి.

"ఎర్రగా కొట్టెయ్. ఉన్నవాటిలో చవకది."

లెన్ కారు చుట్టూ తిరిగాడు. రంగు వెయ్యొద్దన్నాడు. ఇది డెబ్బై మూడులో నా చేత్తో వేసిన పూతే, పాత కార్ల పిచ్చోళ్ళు ఫ్యాక్టరీ రంగుకే ఎగబడతారు, పాలిష్ పెడితే చాలన్నాడు. అమ్మేదే అయితే నాకే ఇవ్వండి, పన్నెండు వేల పౌండ్లిస్తానని కూడా అన్నాడు.

క్లైవ్ అతని మరకల చొక్కాని కింద నించి పైకి చూశాడు.

"నీకా? దీన్లో కూర్చుంటే నిన్ను దొంగనుకుని పట్టుకుంటారోయ్. చెప్పిన పని చెయ్."

సరే అన్నాడు లెన్. పాత రంగు గీకేసి మూడు పొరలు వేస్తే రెండు వేలు. గీకకుండా పైపైన కొడితే నాలుగు వందలు. నాలుగు వందలదే కావాలన్నాడు కోటీశ్వరుడు. అందులోనూ యాభై తగ్గించమన్నాడు.

"ఎన్నాళ్ళుంటుంది?"

"గోరు తగలనంత కాలం ఉంటుంది సార్."

"శనివారం దాకా ఉంటే చాలు. తర్వాత కొన్నవాడి ఖర్మ."

వేలంలో కార్ల సంగతి తెలిసినవాళ్ళు కారు తలుపు తీశారు. లోపలి అంచున ఆకుపచ్చ, బయట ఎరుపు. ఎవడో వెధవ బంగారంలాంటి బండిని పాడుచేశాడని మొహాలు తిప్పుకున్నారు. ఇంతకు తక్కువైతే అమ్మనని హద్దు పెట్టుకోడానికి వేలంవాళ్ళు రుసుమడిగితే, క్లైవ్ హద్దే వద్దని ఆ డబ్బూ మిగుల్చుకున్నాడు. పాట ఐదు వేల దగ్గర చచ్చింది. ఫోనులో పాడినవాడెవడికో బండి పోయింది.

క్లైవ్ లెన్‌ని బండబూతులు తిట్టుకుంటూ ఇంటికెళ్ళాడు.

ఆదివారం పొద్దున లెన్ తన షెడ్డులో, తను ఫోనులో పాడి కొన్న కారు బానెట్ అంచున గోరు పెట్టి, బత్తాయి తొక్కలా ఎర్రరంగుని ఒక్క ముక్కగా ఒలిచేసరికి, డెబ్బై మూడు నాటి ఆకుపచ్చ చెక్కుచెదరకుండా బయటపడింది.