వద్దని రాసుకో

ఫ్యాను కింద కుర్చీలోంచి, చేతిలో కాగితాలున్న ఒక అమ్మాయి లేచి, "కూర్చో అక్కా" అంది.

దేవి మొహమాటపడలేదు. భావనపాడు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ప్రాణం మరి. శ్రీకాకుళంలో ఈ సంతాన ఆసుపత్రికి తిరగడం ఇది నాలుగో ఏడు.

"నా పేరు అరుణశ్రీ. పిల్లల కోసం వచ్చినవాళ్లని కొన్ని ప్రశ్నలడిగి రాసుకుంటున్నాను. పేరు బయటపెట్టం."

"అడుగమ్మా. మాది భావనపాడు, సేపల వేట. నా నంబరొచ్చీసరికి మజ్జాన్నం అయిపోతాది. మీదే ఊరు?"

"భోగాపురం దగ్గర ముక్కాం. మావాళ్లూ వేటకెళ్లేవాళ్లే."

దేవి కళ్లు ఆ పిల్లని అప్పుడే కొలిచేశాయి. మంచి కళ, అంతకన్నా మంచి మాట.

"పెళ్లయిందేటి?"

"ఇంకా లేదు."

"మా మరిది త్రినాథ్ ఐటీఐ సదివినాడు. సేసుకుంటావేటి?"

అరుణశ్రీ పకపకా నవ్వింది. "మా అమ్మనడగాలి అక్కా. పన్నెండేళ్లు ఎదురుచూసి నన్నొక్కర్తినే కంది."

"ఏ దేవుడు కనికరించినాడో గానీ, ముత్తెం లాటి పిల్లని కన్నాది."

ఆ అమ్మాయి కాగితం తిప్పింది.

"రక్తంలోంచో చర్మంలోంచో చిన్న కణం తీసి, ల్యాబులో అండంగా మార్చాలని చూస్తున్నారు. ఇంకా మనుషుల దాకా రాలేదు. వస్తే ఒప్పుకుంటావా?"

దేవి కుర్చీలో ముందుకి జరిగింది. నీలో అండాలు అయిపోయాయని డాక్టరమ్మ చెప్పి నెల కాలేదు. వేరేవాళ్ల అండం తీసుకోమంటే తనే వద్దంది.

"అంటే, నా రగతమేనా? నా పోలికే వస్తాదా?"

"వస్తుంది."

ఆశ గొంతుదాకా వచ్చింది. దాని వెనకే భయమూ వచ్చింది.

"వద్దమ్మా. ల్యాబులో సేసిన పిల్లంటే ఊళ్లో ఏటంటారు? అందరిలాగ ఎదుగుతాదా? రేపు ఆడపిల్లయితే ఏ ఇంటోళ్లు కోడలుగా సేసుకుంటారు సెప్పు?"

పెన్ను ఆగింది.

"అలాగే రాయనా అక్కా?"

"వద్దని రాసుకో."

రాసుకుంది. తన సీసాలో మిగిలిన మజ్జిగ దేవి చేతిలో పెట్టి, ఆమదాలవలసలో రైలుందంటూ ఆటో ఎక్కేసింది.

ఆటో మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ఫోన్ నంబరు తీసుకోలేదని. దేవి గబగబా వెళ్లి, వరండా ఊడుస్తున్న ఆయాని పట్టుకుంది.

"జగ్గమ్మత్తా, ఆ రాసుకున్న పిల్ల నంబరు నీకు తెలుసునా? మా త్రినాథ్‌కి అడగాల. ఆళ్లమ్మ కాళ్లయినా పట్టుకుంటాను."

జగ్గమ్మ చీపురు చంకలో పెట్టుకుని, గోడ మీద పాత ఫొటో చూపించింది. అందులో డాక్టరమ్మ చేతుల్లో తువ్వాలు చుట్టిన పసిగుడ్డు ఉంది.

"అడుగు, తప్పేటున్నాది? ఇదిగో ఈ ఫొటోలో ఉన్నది ఆ పిల్లే, మన డాక్టరమ్మ ల్యాబులో ప్రాణం పోసిన మొట్టమొదటి టెస్ట్‌ట్యూబు బిడ్డ."