ఆపేసిన ఛానల్

"అమ్మా, ఆ మూలికల ఛానల్ పీడ విరగడైంది. పోయిన వారం నేనే ఆపించాను," అంది బ్రెడా, కోటు విప్పుతూ.

రాజధాని లుబ్లియానాలో టీవీ ప్రసారాల మీద కన్నేసి ఉంచే సర్కారు కార్యాలయంలో ఆమె ఉద్యోగి. ఆ ఛానల్‌కు అనుమతి ఒక దేశానిది, ప్రసారం ఇంకో దేశం నుంచి, యజమాని ఉండేది మరో దేశంలో. అడిగితే మూడు దేశాలవాళ్ళూ మాది కాదంటే మాది కాదన్నారు. దాన్ని పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

తల్లి జోఫ్కా బల్ల మీద పిండి పలచగా సాగదీస్తూ నవ్వింది. "ఆగిందెక్కడే? ఫోన్లో వస్తోందిగా. పక్కింటి మిల్కా పెట్టిచ్చింది."

బ్రెడా కుర్చీలో కూలబడింది. "వాళ్ళమ్మే ఆ చుక్కల మందు వాడుతున్నావా?"

"మొన్నటిదాకా నాకూ సగం అనుమానమే. సర్కారే జడిసి మూయించిందంటే అందులో ఏదో ఉన్నట్టేగా. అందుకే బీపీ మాత్రలు మానేశాను."

"మూయించింది నేనమ్మా."

"నీదేముందిలే. పైవాళ్ళు చెప్పారు, నువ్వు చేశావు."

తల్లి మొహం కందిపోయి ఉంది. అది పొయ్యి వేడి కాదని బ్రెడాకు తెలుస్తూనే ఉంది. నచ్చజెప్పబోయి ఆగి, మాట మార్చింది.

"పూర్తిగా వినవేం? ఆ మందుకు జడవాల్సిన పనేం లేదని తేలింది. పొద్దునే మళ్ళీ అనుమతి ఇచ్చేశాం."

"ఇచ్చేశారా?" జోఫ్కా మొహం చిన్నబోయింది. "మీరే ఇచ్చారంటే ఇంకేముంటుంది అందులో."

పిండి చేతులు కడుక్కుని, మాత్రల కోసం అలమర తెరిచింది.