అమ్మ చెప్పిన సెకండాఫ్

తెర మీద తల్లి చచ్చిపోయింది. హాల్లో లైట్లు వెలిగాయి. సుప్రజ పక్క సీట్లో ఉన్న వాళ్ళమ్మ వైపు గిర్రున తిరిగింది.

"ఏందిమ్మా ఇది? ఆమె చచ్చిపోయిందేంది?"

తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకా తెర వైపే చూస్తోంది.

ముప్పయ్యేళ్ళ కిందటి సినిమా. కర్నూలులో మళ్ళీ వేశారని తెలిసి, అయిదు నెలల కొడుకును తన తండ్రి చేతిలో పెట్టి, సుప్రజే అమ్మను నందికొట్కూరు నుంచి మ్యాట్నీకి లాక్కొచ్చింది. ఈ సినిమా తనెన్నడూ చూడలేదు. కథ మాత్రం కంఠతా వచ్చు. చిన్నప్పుడు అన్నానికి మొండికేసినప్పుడల్లా అమ్మ ఈ కథ చెప్తూనే ముద్దలు పెట్టేది. మొగుడు పోయిన తల్లి, చంకలో బిడ్డ, ఊరుగాని ఊరు. సెకండాఫ్‌లో ఆమె బిడ్డను పక్కింటి అవ్వ దగ్గర పడుకోబెట్టి కుట్టుమిషను నేర్చుకుంటుంది. ఆకలైతే ఉగ్గాని, బజ్జీలు తెచ్చుకుని కడుపునిండా తింటుంది. బిడ్డ మరీ సతాయిస్తే వీపు మీద ఒకటేసి, ఆనక తనే ఏడుస్తుంది. చివరికి సొంత అంగడి పెడుతుంది.

ఫస్టాఫ్ అచ్చం అమ్మ చెప్పినట్టే నడిచింది. ఆ తర్వాత అంతా వేరే. తెర మీది తల్లి ఒక్క ముద్దా తినలేదు. అంతా బిడ్డకే పెట్టింది. ఒక్కసారీ విసుక్కోలేదు. వానలో గుడిమెట్లెక్కి, నవ్వుతూ ప్రాణం వదిలింది.

బస్టాండుకు పోయే ఆటోలో సుప్రజ మళ్ళీ మొదలుపెట్టింది. "సోమవారం నేను డ్యూటీలో చేరల్ల. పాలుతాగే బిడ్డను వదిలిపోయేది ఒక తల్లేనా అని మా అత్త అంటే, ఆ సినిమాలో ఆమె పోలేదా అని గట్టిగా జవాబు చెప్పినా. నువ్వు చెప్పిన కథను నమ్ముకోని చెప్పినా. అంతా అబద్ధమేనా మా?"

"నేనూ ఈ పొద్దే చూస్తి పాపా" అంది తిరుపతమ్మ.

"అంటే?"

"అప్పుడు నీకు మూడు నెల్లు. ఇంటర్వెల్ కాకముందే గుక్కపట్టినావు. హాల్లో జనాలంతా అరిసిరి. నిన్నెత్తుకోని బయటికొచ్చినా. ఆట అయిపొయ్యేదాంకా వరండాలో అటూ ఇటూ తిరుగుతానే ఉంటి. పాటలు మాత్రం ఇనపడె."

"మరి సెకండాఫ్?"

"మీ నాయన చూసి చెప్పినాడు. బస్సులో దారి పొడుగునా చెప్పినాడు. నేనొక్క ముక్క కలపలే. ఆ కథ ఇన్యాకనే గదా నేనూ మిషను నేర్చుకునింది."

సుప్రజ నమ్మలేకపోయింది. తండ్రి పుల్లయ్య నాలుగు మాటలు కలిపి మాట్లాడితే అదే ఎక్కువ. పెళ్ళిచూపుల్లో కూడా అల్లుడితో వానల గురించి ఒక ముక్క మాట్లాడి ఊరుకున్నాడు. అట్లాంటి మనిషి దారి పొడుగునా కథ కల్పించి చెప్పాడా!

ఇల్లు చేరేసరికి ఎండ తగ్గింది. పుల్లయ్య మనవణ్ణి భుజాన వేసుకుని వసారాలో తిరుగుతున్నాడు. బనీను మీద పాలు కక్కిన మరక.

"ఏమప్పా, ఆ సినిమాలో తల్లి సచ్చిపోయింది!" తిరుపతమ్మ చెప్పులు కూడా విడవకుండా నిలదీసింది.

"మెల్లగ. ఇప్పుడే పండుకున్యాడు."

"అంగడి పెడ్తాదని చెప్తివే నాకు! కడుపునిండా తింటాదని, బిడ్డను కొట్టి ఏడుస్తాదని... ఇన్నేండ్లూ నిజమనుకుంటి. ఎందుకట్ల చెప్పినావు?"

పుల్లయ్య తిరగడం ఆపాడు. కూతురి వైపు ఒకసారి చూశాడు, చెప్పాలా వద్దా అన్నట్టు. పిల్లాడి వీపు మీద చెయ్యి మెల్లగా ఆడుతూనే ఉంది.

"పచ్చి బాలింతవు. తిండి మానేసి, నిద్ర మానేసి, బిడ్డ మొగం కూడా చూస్తాంటివి కాదు" అన్నాడు. "సినిమాకు పొయ్యే ముందురోజే గదా నిన్ను బాయిగట్టు మీదనుంచి చెయ్యి పట్టుకోని ఇంటికి పిల్చుకొచ్చినా... ఆ తల్లి సచ్చిపోయిందని నీకెట్ల చెప్పేది?"